కాడకి పురికొస

కొత్తపేట కాలేజీ ల్యాబులో
పాతికేళ్ళుగా బీకర్లు కడిగేది నేనే.
తలుపు పక్క స్టూలు మీద కూర్చుని
ఏటా అదే పాఠం వింటా.
ఈ ఏడు చెప్పేది వకుళ మేడం.
సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది.
ఇచ్చినదానికి ధనావేశం,
పుచ్చుకున్నదానికి ఋణావేశం.

వెనక బెంచీలో రమీజా లేచింది.
"ఇచ్చేసినాక తగ్గిపోవాలి కదా మేడం, ధనం ఎట్టా అవుద్ది?"
మేడం బోర్డు మీద గుర్తులేసి లెక్క చూపించింది.
నాకు గుర్తులు అక్కర్లేకపోయినయ్.

మిర్చి యార్డులో కాటా గుమస్తా పిచ్చేశ్వర్రావు
మా సలోమి ఆపరేషన్ నాడు
పెద్దాసుపత్రి మెట్ల మీద
కారం ఘాటు వదలని గుడ్డసంచిలో
నలభై వేలు పెట్టి ఇచ్చాడు.
ఇంతవరకూ అడగలా.
అడగని అప్పు ఎంత గట్టిగా లాగుద్దో
బర్నర్ మీద ఉప్పుని చూసినోడికి తెలుసు.
మంట ఎంత పెంచినా చిటపటమంటదే గానీ కరగదు.

నీళ్ళు తగిలితే వేరే సంగతి, విడిపోద్ది.
ఆయన పొన్నూరు వెళ్ళిపోయాడు, నేనిక్కడ.
విడిపోయినా ఎవడి ఆవేశం వాడి దగ్గరే.
ఆ నీళ్ళలో తీగలు ముంచితే
బల్బు వెలిగింది.

తర్వాత చక్కెర నీళ్ళు. వెలగలా.
పిల్లలు నవ్వారు.
ఇది సమయోజనీయం, అంది మేడం.
ఇక్కడ ఇవ్వడం లేదు, పుచ్చుకోవడం లేదు,
ఒక జంటని ఇద్దరూ పంచుకుంటారు.
ఆ జంట ఒక్కోసారి సరిగ్గా మధ్యలో ఉండదు,
కొంచెం ఒకవైపు జరుగుతుంది.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కళ్ళజోడు.
పగలు నాతో వచ్చి
సీసాల మీద చీటీలు చదువుద్ది.
సాయంత్రమైతే సలోమిది:
బియ్యంలో రాళ్ళు, సూదిలో దారం, కీర్తనల పుస్తకం.
కాడ విరిగితే తనే పురికొస కట్టింది,
తన చెవి కొలతకి.
నాకు వదులు. ముక్కు మీంచి జారుద్ది.
చెబితే నవ్వుద్ది.

"రెండిట్లో ఏది గట్టిది మేడం?"
మళ్ళీ రమీజానే.
బెల్లు కొట్టారు.

బీకరు కడగబోతూ ఆగాను.
చక్కెర కనబడకుండా కలిసిపోయింది,
లోపల ఇంకా చక్కెరగానే ఉంది.
పారబోశాను.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
చీకట్లో సలోమి చెయ్యి చాపింది.
చొక్కా విప్పకుండానే జోడు తీసి ఇచ్చాను.
"ఇప్పుడేం కనపడుద్దని?" అన్నా.
"వస్తదిగా" అంది,
పెట్టుకుని కూర్చుంది.