పరగడుపు

కాలనీకి పేరింకా ఖాయం కాలేదు,
కరెంటు స్తంభం మీద నంబరు మాత్రం ఉంది.
బారువ దాటి, హైవేకి ఈ పక్క,
సముద్రం వినిపించనంత దూరంలో
నూట పన్నెండు గదులు, అన్నీ ఒకే రంగు.

రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ తినొద్దని
ముందురోజే మైకులో చెప్పించాం.
ఆరింటికల్లా వచ్చి కూర్చుంది సూరాడ తోటమ్మ.
"పరగడుపంటే నువ్వు నేర్పాలేటి బాబూ,
తుపానప్పుడు రెండ్రోజులున్నాను."

నరం కోసం వెతకనక్కర్లేదు.
అలివి వల లాగిన చెయ్యి,
తాడు పోయినా పురి పోలేదు.

నాలుగు పేజీల ఫారం నాది.
తుపానుకి ఇల్లు ఖాళీ చేశారా? అవును.
ఎన్నాళ్లు?
"ఇంకా సేత్తానే ఉన్నాం."
ఆ గడిలో అంకె రాయాలి. వదిలేశాను.
పొగ?
"అడ్డచుట్ట. నిప్పు నోట్లోకి. గాలికి ఆరిపోదు."
రోజుకెన్ని?
"అప్పుడు రెండు. ఇప్పుడు పొద్దు పోవద్దేటి?"
నడక, వారానికి ఎన్ని రోజులు?
ఆవిడ నా ముఖంలోకి చూసింది.
"ఊరికినేనా? ఎక్కడికీ కాకుండానా?"

"ఒడ్డు కాడ్నించి సంత కాడికి
నెత్తి మీద గంప, గంపలో కవ్వళ్లు,
నీరు మెడ మీదికి కారతంటే పరుగే.
ఎండెక్కితే సేప మెత్తబడిపోద్ది.
దాన్ని నడకంటారేటి? బేరం అంటారు.
ఇంటికొచ్చి చోడంబలి తాగితే
కడుపు కిక్కురుమనీది కాదు."

షెల్టర్లో పదకొండు రాత్రులు.
పులిహోర పొట్లాలు, బిస్కెట్లు, తర్వాత నూనె ప్యాకెట్లు.
"పెట్టినోళ్లు సల్లగుండాల. ఒగ్గేత్తే పాపమని తిన్నాం.
ఆ తిండి అలాగే ఉండిపోనాది."
చోళ్లు పండే చెక్కలో ఇసక మేట వేసింది.
వల ఏ ఒడ్డుకు చేరిందో తెలీదు.
ఆటోవాడు చేపల గంప ఎక్కనివ్వడు, వాసనట.
కాలనీ మలుపులో కోడి పకోడీ బండి,
సాయంత్రం మగాళ్లంతా దాని చుట్టూ,
పడవ దింపడానికి చేరినట్టు.

ట్యూబులన్నీ ఐసుపెట్టెలో సర్ది
బైకు వెనక కడుతుంటే
ఒక గుంటడు పరుగెత్తుకొచ్చాడు:
"ఏం సేపలు?"

మధ్యాహ్నం మిషన్లో తిప్పాను.
ఎరుపు అడుక్కి దిగి పైన తేరుకుంది.
కొందరిది లేత తేనె రంగు,
తోటమ్మది పల్చని గంజి.
చెడ్డ కొవ్వు నూట డెబ్భై ఆరు,
మంచిది ముప్పై నాలుగు.
ఇందులో చుట్టది ఎంత, పకోడీది ఎంత,
అరవయ్యేళ్ల వయసుది ఎంత,
ఆ రాత్రి గాలిది ఎంత?
మిషన్ విడదీసి చెప్పదు,
నాకూ చేతకాదు.

ఒక ట్యూబు మిగిలితే నా రక్తమూ తీసి పెట్టాను.
కవిటిలో మా కొబ్బరిచెట్లు వరసగా ఒరిగినప్పట్నుంచి
సరిగ్గా నిద్రపోను,
పాలకేంద్రానికీ బైకు మీదే వెళ్తాను.
నా అంకె ఇక్కడ రాయను.

రిపోర్టులిచ్చే రోజు
చుట్ట మానాలి, నూనె తగ్గించాలి, రోజూ నడవాలి,
డాక్టరు రాసిన మాత్ర మానకూడదని
ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను.
కాగితం తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
"కళింగపట్నంలో జెండా ఎత్తుతారు కదా,
ఇది ఎన్నో నంబరు?"

ఏ పుస్తకంలోనూ లేని లెక్క.
ఆలోచించి, మూడు అన్నాను.

"మూడుకి ఊరొగ్గం బాబూ.
పడవలు పైకి లాక్కుంటాం, అంతే."

రొంటిలోంచి చుట్ట తీసింది,
అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ దోపుకుంది.
ఆటో హారన్ కొడుతున్నా
రోడ్డు వారగా నడిచిపోయింది,
ఖాళీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని,
అలవాటు కొద్దీ.

ఆ రోజు చుట్ట వెలిగించలేదు.
ఆ రోజు సంగతే నాకు తెలుసు.