తొమ్మిది సున్నాలు

సన్నీసైడ్ ఊరి లాండ్రీలో
పదకొండో నంబరు మెషీన్ పక్కన వైఫై బాగా అందుతుంది.
అందుకే మా చెల్లి యారెట్సి
కాలేజీ సాయం దరఖాస్తు అక్కడ కూర్చునే నింపుతోంది.
ఒళ్ళో బడివాళ్ళిచ్చిన లాప్‌టాప్,
కాళ్ళ దగ్గర మా తడిబట్టల బుట్ట.

ఫిబ్రవరి నెల.
కత్తిరింపులు ముగిసిన ఆపిల్ తోటలు
మంచులో మోడుల్లా నిలబడ్డాయి.
అమ్మ వేళ్ళని ఆ కత్తెర ఇంకా వదల్లేదు,
ఊరికే కూర్చున్నా
ముడుచుకుంటాయి, తెరుచుకుంటాయి.

అమ్మ పూర్తి పేరు?
ఫెలీసితాస్ సాంతోస్ రేయెస్.
రెండు ఇంటిపేర్లకి ఒకటే గడి.
చెల్లి చివరిది చెరిపేసింది.
అందులో మా అమ్మమ్మ పోయింది.

అమ్మ చదువు?
మూడు, అంది అమ్మ.
కాసేపటికి రెండున్నర అని దిద్దుకుంది.
ఆ ఏడు సగంలో మొక్కజొన్న కోతకి తీసుకుపోయారట,
మిగతా సగం బడి తనకింకా బాకీ ఉందట.
గడిలో అరలు పట్టవు.

నాన్న వివరాలు?
ఏం రాయాలో మా ముగ్గురికీ మూడు అభిప్రాయాలు.

అమ్మ సోషల్ సెక్యూరిటీ నంబరు?
ముగ్గురం మెషీన్ వైపు చూశాం.
సబ్బునురగ తిరుగుతోంది.
సహాయ కేంద్రంవాళ్ళు
నలభై నిమిషాలు ఫోన్‌లో పియానో వినిపించాక
ఒక గొంతు చెప్పింది:
లేకపోతే సున్నాలు కొట్టండి. తొమ్మిది.

చెల్లి కొట్టింది.
ఒక్కో సున్నాకి అమ్మ తలూపింది,
సాయంత్రం చెర్రీ బకెట్లు లెక్కేసుకున్నట్టు.
హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న.
"అది నేనేనా?" అంది
స్పానిష్‌లో కాదు,
మాకు సగమే అబ్బిన తన మిస్తెకోలో.
చెల్లి నా మొహం చూసింది.
నేను నురగ చూశాను.

నాకూ ఒకప్పుడు మందపాటి కవరు వచ్చింది.
సీటు నిలుపుకోవాలంటే
రెండువందల డాలర్లు కట్టమన్నారు, మే ఒకటికల్లా.
చెర్రీలు పండేది జూన్‌లో.
అంతే కథ.
ఇందులో తప్పెవరిదీ లేదంటారు, నెల తేడా అంతే అంటారు.
ఆ నెలలోంచి నేనింకా బయటికి రాలేదు.
ప్యాకింగ్ షెడ్డులో ఆపిల్ పెట్టెలకి
దూరదేశాల పేర్లు అంటిస్తుంటాను.

అంతకుముందు కౌన్సెలర్ హాల్వర్సన్ గారు
(నాలుగువందల డెబ్భైమందికి ఆయనొక్కడే,
మనిషి మంచివాడే)
ఎర్మీలో అన్న నా పేరు మొదట్లో
పలకకూడని హకారాన్ని గట్టిగా పలికి
వెల్డింగ్‌లో మంచి జీతాలున్నాయి బాబూ, అన్నారు.
వెల్డింగ్ తప్పని కాదు.
నా మార్కుల కాగితం
ఆయన బల్ల మీద బోర్లా పడి ఉంది.
దాన్ని తిరగేయమని అడగాలని
నాకు తోచలేదు.
ఇప్పుడు తోచి ఏం లాభం.

స్క్రీన్ తెల్లబడింది.
మీ సమయం ముగిసింది, మళ్ళీ మొదలుపెట్టండి.
చెల్లి తల పట్టుకుంది, ఏడుస్తుందనుకున్నాను.
అమ్మ లేచి
బట్టలు డ్రయ్యర్‌లోకి మార్చింది,
కొంగు మూటలా కట్టిన రుమాలు విప్పి
నాణేలు ఒక్కొక్కటే వేసింది,
వచ్చి ఈసారి దగ్గరగా కూర్చుంది.

అమ్మ పూర్తి పేరు?
చెల్లి రెండు ఇంటిపేర్ల మధ్య ఖాళీ తీసేసి
ఒక్క ఊపిరిలో కొట్టింది:
సాంతోస్‌రేయెస్.
గడి పట్టింది!
అమ్మమ్మ ఇరుక్కుని కూర్చుంది, లారీ వెనక
కోతకి పోయే ఆడవాళ్ళలా
ఒకరి మోకాళ్ళు ఒకరికి ఆనించి.

ఆ నంబరు గడి రాగానే
చెల్లి చేయి ఆగిపోయింది.
అమ్మ తన వేలు ముందుకు చాపింది,
గోరు చుట్టూ ఇంకా చెట్టుబంక నలుపు.
నేను కొడతానంది.
కొట్టింది. ఎనిమిది.
వేలు అక్కడే నిలిపి
మా ఇద్దరినీ చూసి
తొమ్మిదోది కూడా కొట్టింది.

పంపించు అనే మీట నొక్కాం.
చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.
పదికి లాండ్రీ మూసేస్తారు, అవతల సగం దీపాలు ఆర్పేశారు.
డ్రయ్యర్‌లో ఇంకా ఆరు నిమిషాలుంది.