ముందు తలుపు

గాలి ఎటునుంచో ఎల్స్‌పెత్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు,
ఎడమ చెవి చెబుతుంది.
డెబ్బై తొమ్మిదేళ్ళు. మందులిచ్చే మనిషిని నేను,
నా చెయ్యి మాత్రం పట్టుకోదు.
గొడుగుతో నేలని పొడుస్తూ నడుస్తుంది.

ఫైఫ్ తీరంలో ఈ క్లబ్బు గుమ్మం ముందు పట్టా
నూట అరవై ఏళ్ళు మగవాళ్ళ బూట్లే తుడిచింది.
ఈవిడ పెరటి దారిన వెళ్ళి
నలభై ఏళ్ళు వాళ్ళ సూప్ గిన్నెలు తోమింది.
"చీకటి పడ్డాక పదిహేడో జెండా దగ్గర
దొంగాట ఆడేదాన్ని. ఒకటే కర్ర, ఒకటే బంతి.
పోతే ముళ్ళపొదల్లో మోకాళ్ళమీద వెతుకులాట."

ఇవాళ ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్, ఇక్కడ మొదటిసారి.
సముద్రం మీది మంచు కమ్మి గంటన్నర ఆట ఆగింది.
తర్వాత ఓ సన్నటి కొరియా పిల్ల
నిలువు లోతు ఇసుకగుంటలోకి దిగి మాయమైంది.
ముందు ఇసుక లేచింది,
తర్వాత బంతి,
ఆ తర్వాతెప్పుడో టోపీ.

బంతి దొర్లుతోంది.
తెనాలి వీధిలో నా గోళీకి నేను బిగబట్టిన ఊపిరే
ఇక్కడ ఇన్ని వేలమందిలో.
అంచున ఆగింది.
"గాలి తోస్తుందిలే" అంది ఎల్స్‌పెత్.
తోయలేదు.

టీ తాగుదామంటే
ఆవిడ కాళ్ళు అలవాటుగా పెరటివైపు తిరిగాయి.
నేనేమీ అనలేదు. తనే ఆగింది, తనే వెనక్కొచ్చింది,
పట్టామీద బూట్లు రెండుసార్లు తుడుచుకుంది.

లోపల గోడలనిండా మీసాల పటాలు.
వాటివైపు చూడనైనా లేదు.
సూప్ గిన్నె అంచు వేలితో తడిమి
"సరిగ్గా తోమలేదు" అంది.