పండవెట్టిన నిచ్చెన

పోయినేడు ఉయ్యాల కట్టిన పెరట్ల,
చండూరుల కూలగొట్టిన ఓ పాతింటి దూలాలు తెచ్చి.
జారుడుబండకు ఖాజా రేకు వంచి ఇచ్చిండు.
ఈ ఎండాకాలం కొత్త పంచాయతి.
నల్లగొండ పార్కుల చూసొచ్చిందట జోషిత,
"నాయ్నా, మంకీ బార్లు గావాలె."

ఎట్లుంటయో పుల్లతోని మట్టిల గీసింది.
నిచ్చెననే గదా బిడ్డా,
ఎక్కుడు చాతగాక గాలిల పండుకున్న నిచ్చెన.

వడ్లోళ్లింట్ల కట్టెకు కరువు లేదు.
అటు రెండు తుమ్మ గుంజలు, ఇటు ఉయ్యాల దూలమే ఆసర.
సరోజన రెండు ఫీట్ల గుంతలు తవ్వింది,
నేను గడ్డ మీద కూసోని లోతు చెప్పిన.
మా ఇంట్ల పని అట్లనే పంచుకుంటం:
వంగేది ఆమె, కొలిచేది నేను.

"కమ్మీకి కమ్మీకి ఎంత ఎడం?" ఖాజా అడిగిండు.
టేపు తియ్యలె.
బిడ్డను పిలిచి చెయ్యి చాపమన్న.
చాపింది.
ఏం చాపుడది!
మోచెయ్యి కాడ ఆగకుంట
భుజం నుంచి గోరు దాంక
జాజు దారం గుంజి కొట్టినట్టు ఒక్కటే గీత.
జరసేపు కొలుసుడు మర్సిపోయిన.

నా చేతులు రంద పట్టినంత మేరకు వంగి
ఆడనే ఆగినయ్.
డాక్టర్లు గుంజి చూసిన్రు,
పాత తలుపు బందుల్లెక్క కిర్రుమన్నయ్ గాని తెరుసుకోలె.
బడిల డ్రిల్లు సారు "చేతులు పైకి" అంటే
మా తరగతిల సగం మందిమి
ఎవలికో దండం పెట్టబోయి యాది మర్సినట్టు నిలవడేది.
సారు ముందుగాల కొట్టేటోడు.
తర్వాత కొట్టుడు బంజేసిండు.
ఇంకొన్నొద్దులకు డ్రిల్లే బంజేసిండు.

కమ్మీలకు పైపు గావాలె. ఇనుము ధర అడగొద్దు.
కృష్ణ నీళ్లు నల్లాకొచ్చినంక
గుంజి గోడకానిచ్చిన బోరు పైపులున్నయ్ ఎనుక.
"ఇవ్వి వెట్టుకోని కొనుడేందన్నా?" అన్నడు ఖాజా.
నేనేం అనలె. సరోజన నా మొఖం చూసింది,
ఆమె గూడ ఏం అనలె.
ఇంచుంపావు పైపు. మంచి సరుకు.

మొదటి కోతకే లోపలికెల్లి తెల్లటి పెచ్చు రాలింది,
సున్నమసొంటిది. ఖాజా ఉఫ్ అని ఊదిండు.
ఈ బోరుకు కొబ్బరికాయ కొట్టింది మా నాయన.
నీళ్లు పడ్డనాడు వాడకట్టంత బిందెలు తెచ్చుకున్నరు,
తియ్యగున్నయ్ అన్నరు.
నా పాలపీకల కూడ అవ్వే కలిపిన్రట.

ఏడు ముక్కలు.
అంచులు ఆకురాయితోని రాకిన, అరచేతులు కోసుకపోవద్దని.
అటేడు బెజ్జాలు, ఇటేడు.
నట్లు బిగించాల్నంటే చేతులు నెత్తి దాటాలె,
స్టూలెక్కి పానా పట్టింది సరోజన.
"ఇంకో పావు తిప్పు" అన్న కిందికెల్లి.
"నువ్వే ఎక్కి తిప్పు" అన్నది. ఇద్దరం నవ్వినం.
కింద వాగిసుక, అర ట్రాక్టరు.

మొదటిసారి మూడో కమ్మీ కాడ పడ్డది జోషిత.
రెండోసారి గూడ మూడే.
తెల్లారి ఐదు. పొక్కులు చూపెట్టుకుంట వాడంత తిరిగింది.
మూడోనాడు పొద్దుగూకంగ
ఏడూ దాటి, అటు గుంజను కాళ్లతోని తన్ని,
మళ్ల ఎనుకకు.

"నాయ్నా, నువ్వు?"
"నాకు అందవే."
స్టూలు ఈడ్చుకొచ్చి నన్నెక్కించింది.
కమ్మీ దిగొచ్చి గదుమ కాడ నిలిచింది.
పట్టిన. సల్లగుంది,
చిన్నప్పుడు బోరింగు దాపు పట్టినంత సల్లగ.
స్టూలు పక్కకు జరిపింది పొట్టిది, చెప్పకుంటనే.
సరోజన వంటింట్లకెల్లి ఒర్రింది.
నేను పడలె.
"అమ్మా సూడు, నాయ్న కొక్కెం లెక్క తగులుకున్నడు!"

ఎంతసేపో లెక్క చెయ్యలె.
ఇసుకల కాలు మోపినంక చూసిన,
ఐదో కమ్మీ పట్టంగనే జర తిరుగుతుంది.
రేపు చండూరు పోయి
దానికో మేకు తేవాలె.