చుక్కలు

మీరు అడుగుతున్న లాక్లన్ పెట్రీ
నాకు చుక్కలుగా తెలుసు.
బంతికి పరుగు రాకపోతే స్కోరు పుస్తకంలో ఒక చుక్క.
ఆరు చుక్కలు పడ్డాక గీతలతో కలిపితే
మెయిడెన్ ఓవర్.
ఇన్వర్‌కార్గిల్‌లో ఇరవై ఆరు వేసవులు
అతని చుక్కల్ని నేను కలిపాను.

వేసవి అంటున్నాను గానీ
మా దగ్గర డిసెంబరులో కూడా స్కోరర్ ఒళ్లో దుప్పటి ఉంటుంది.
మాకు దక్షిణాన సముద్రం, ఆ పైన మంచు.
అక్కడ బయల్దేరిన గాలి
దారిలో ఎవరినీ పలకరించకుండా
నేరుగా మా మైదానంలోకి వచ్చి పడుతుంది.
ఫాస్ట్ బౌలర్లు గాలి వీపు తోసే వైపు పంచుకునేవారు.
మిగిలిన కొస లాక్లన్‌ది.
గాలికి ఎదురు, ఎడం చేత్తో,
నిద్రపోతున్న పిల్లిని దాటి తలుపు వేసినట్టు
బంతిని వదిలేవాడు.

వారంలో ఐదు రోజులు ఫ్రీజింగ్ వర్క్స్.
గొర్రెలు వేలాడే గొలుసు కదులుతూనే ఉంటుంది
కత్తి ఆగకూడదు.
ఎంత కడుక్కున్నా శనివారం బంతికి కొవ్వు వాసన.
"ఈ వారం ఎన్ని మందలు, లాకీ?" అనేవాడు అంపైర్ క్రాఫర్డ్.
ఇరవై ఆరు వేసవులూ అదే జోకు.

ఒటాగో జట్టుకి ఏడు మ్యాచ్‌లు. పదకొండు వికెట్లు.
మీ పేపరుకి అది చాలనుకుంటాను.

చాలకపోతే, రాసుకోండి:
అరవై ఒకటి జనవరి, డ్యునెడిన్.
వాళ్ల స్కోరర్‌కి గవదబిళ్లలొస్తే నన్ను పిలిపించారు.
కాంటర్‌బరీ తరఫున హార్‌కోర్ట్ ఎనభై మూడు మీద ఉన్నాడు.
లాక్లన్ వేసిన బంతి
గాల్లో ఆగింది.
ఆగదని నాకూ తెలుసు. ఆగింది.
హార్‌కోర్ట్ రెండు గజాలు ముందుకొచ్చి ఎదురుచూశాడు
అది ఆలస్యంగా దిగి, పాములా తిరిగి
బ్యాట్‌కీ వికెట్‌కీ మధ్య సందులోంచి పోయింది.
వికెట్ కీపర్ కూడా మోసపోయాడు.
బంతి అతని ఛాతీకి తగిలి గడ్డిలో పడింది.
హార్‌కోర్ట్ తాపీగా వెనక్కి నడిచి
తప్పు నేలదన్నట్టు పిచ్‌ని రెండు దెబ్బలు కొట్టాడు.
తర్వాతి బంతికి ఫోర్.

పుస్తకంలో ఒక చుక్క, ఒక నాలుగు.
సెలెక్టర్లలో ఒకాయన టీ పోసుకుంటున్నాడు
ఫోర్ చప్పుడుకి తలెత్తాడు.

ఎనిమిదో మ్యాచ్‌కి టెలిగ్రామ్ రాలేదు.
రానిదానికి స్కోరు పుస్తకంలో గుర్తు లేదు.

అరవై ఎనిమిదిలో కత్తి జారింది. ఎడమ చూపుడు వేలు, నరం దాకా.
ఆ తర్వాత అతని బంతి తిరగలేదు.
కానీ తిరుగుతుందని బ్యాట్స్‌మన్‌లు నమ్ముతూనే ఉన్నారు
ఒక సీజనంతా ఆ నమ్మకంతోనే నలభై వికెట్లు తీశాడు.
రెండో సీజనుకి కుర్రాళ్లు కనిపెట్టేశారు.

పోయిన చలికాలం మా ఇంటికొచ్చాడు
బంగాళాదుంపల సంచీతో.
ఆ పేజీ చూడాలన్నాడు. ఏ పేజీ అని నేను అడగలేదు.
"ఇదేనా?"
"అదే."
"కీపర్‌కి మోకాలు బాగాలేదు ఆ రోజు" అన్నాడు
నలభై ఏళ్ల తర్వాత కూడా.

స్కోరర్‌కి పక్షపాతం ఉండకూడదు.
నాకు లేదు. ఎవరినైనా అడగండి.
పెన్సిల్ మాత్రం అక్కడ కాస్త గట్టిగా ఆనింది
అవతలి వైపు తడిమితే తెలుస్తుంది.
పేజీ తిప్పి అతని ముందు పెట్టాను.
తెగిన వేలితో తడిమాడు. దానికి స్పర్శ లేదు.
చెయ్యి మార్చి, కుడి వేలితో
మెల్లగా, వరుస తప్పకుండా వెతికాడు.

"ఉంది" అన్నాడు.

టీ తాగలేదు. చీకటి పడుతోందన్నాడు.
కోటు కాలరు ఎత్తుకుని
గాలికి ఎదురుగా
కారు దాకా నడిచాడు.