నీలం గౌను

నీలం వేసుకో, కెమెరాలో నిబ్బరంగా ఉంటావు
అన్నాడు అమ్మ ప్రచారం నడిపే హోల్గర్.
పాలమరక నీలం మీదే ముందు పొడుచుకొస్తుందని
పాపం, అతనికెవరు చెబుతారు?

ఫార్గోలో ఐస్ హాకీ స్టేడియం.
చెక్కపలకల కింద మంచు అలాగే ఉంది, అరికాళ్ళకు తెలుస్తోంది.
అమ్మ "కుటుంబం" అన్నప్పుడల్లా మూడువేలమంది లేస్తున్నారు.
నిరుడు ఇదే గొంతుతో "నిగ్రహం" అన్నప్పుడూ లేచారు;
అప్పుడు నేను ముందు వరసలో
కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాను.

ఆన్సెల్ నిద్రపోతున్నాడు.
ఆరో వరసలో ఎవరి బిడ్డో కేరుమంది.
అంతే, నాకు పాలు చేపుకొచ్చాయి.
ఏ పార్టీ బిడ్డో కనుక్కునే ఓపిక రొమ్ముకు లేదు.
రేపటి పేపర్లో నేను చేతులు కట్టుకుని ఉంటాను.
కింద రాస్తారు:
మారిట్ ఫోసెన్, పదిహేడేళ్ళు, పశ్చాత్తాపం.
ఇంకో పేపరైతే, పొగరు.

వెనక వ్యానులో వీడికి పాలిస్తుంటే
అమ్మ ఎక్కి, తలుపు మూసి, ముందు హైహీల్స్ విడిచింది.
మడమలు రెండూ కందిపోయి ఉన్నాయి.
"మోచేతి కింద నా కోటు పెట్టుకో, మెడ లాగదు.
నువ్వు పుట్టినప్పుడు నాకు పద్దెనిమిదే,
ఈ కిటుకు ఎవరూ చెప్పలేదు."
ప్రచార పుస్తకంలో ఇరవై నాలుగని ఉంది.

హోల్గర్ అద్దం మీద తట్టాడు: రెండు నిమిషాలు.
అమ్మ అటు చూడకుండానే
"ఆగు" అంది.

ఎవరితో అందో తెలీదు.
వీడు మాత్రం ఆగాడు, నోట్లో పాలు పెట్టుకుని,
ఆ గొంతు ఇంతకుముందెక్కడో విన్నట్టు.