మాట మింగిన రాత్రి

మా ఆయన పేరు హజారీ భాట్.
మంచం మీద పడుకున్న దానికన్నా
మంచం వెనక నిలబడ్డదే ఎక్కువ.
రెండు మంచాలు నిలబెట్టి, తాళ్ళతో బిగించి
నడుమ మూడు కమానుల గుడ్డ కడితే
అదే మాకు కోట, అదే కూడు.

ఆయన పలకడు. ఈల పలుకుతుంది.
రెండు వెదురు బద్దల మధ్య సన్నటి తోలు,
చింతగింజంత.
అంగిట్లో అణిచిపెట్టి ఊదితే
రాజు గద్దిస్తాడు, గుర్రం సకిలిస్తుంది,
నాట్యకత్తె అలుగుతుంది.
కీ కీ కీ. అంతే.
దానికి అర్థం చెప్పడం నా పని.
డోలక్ మీద చెయ్యి ఆపకుండా
"ఏమంటారు మహారాజా? దాహమా?" అని
నేనే అడగాలి, నేనే చెప్పాలి.
పెళ్ళయిన కొత్తలో
ఇంట్లో కూడా ఈలతోనే పిలుస్తాడేమోనని భయపడ్డాను.
తర్వాత తెలిసింది, ఇంట్లో అదీ లేదు.

మా బొమ్మలకు కాళ్ళుండవు.
ఘాగ్రా కిందంతా గాలే.
మోకాళ్ళ నొప్పులన్నీ నావే.

నాగౌర్ సంత. మాఘమాసపు చలి.
ఎడ్లు, ఒంటెలు, ఎండుమిర్చి ఘాటు.
పెట్రోమాక్స్ వెలుగులో రాజు కత్తి ఎత్తాడు.
గుడ్డ వెనక హజారీకి దగ్గు తెర వచ్చింది,
ఈల గొంతులోకి జారిపోయింది.
మాట మింగేశాడంటారే,
నిజంగానే మింగేశాడు.

కత్తి గాల్లోనే ఉంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.
సంతంతా నన్నే చూస్తోంది.
గుడ్డ కిందనుంచి ఆయన పాదం
నా వేళ్ళను తన్నింది: కానీ, ఏదో ఒకటి కానీ.

పదిహేడేళ్ళలో మొదటిసారి
ఈల లేకుండా నోరు తెరిచాను.

"మహారాజు అంటున్నారు,
ఈ ఏడు ఎద్దుకు సుంకం లేదట!"
ఈసారి సంత ఈల వేసింది.

"మహారాజు అంటున్నారు,
డోలక్ వాయించే గుమానీ ఇసుకలో కూర్చోలేదట,
రేపటినుంచి పీట వేయాలట."
రాజు తటపటాయించాడు.
తల ఊపాడు.

నా చెయ్యి డోలక్ మీద ఆగింది.
"మహారాజు అంటున్నారు,
పాటకు గొంతు కావాలని
సుగ్నీని బడి మాన్పించడం తప్పేనట."

దారాలన్నీ బిగుసుకున్నాయి.
ఒక ఎద్దు మెడగంట ఎక్కడో మోగి ఆగింది.
రాజు కత్తి దించాడు, మెల్లగా, బాగా కిందికి,
కాళ్ళుంటే కూలబడేవాడే.
జనం అది కూడా ఆటే అనుకున్నారు.
చిల్లర బాగా పడింది.

మర్నాడు పొద్దున్నే ముళ్ళపొదల్లోకి వెళ్ళొచ్చి
తల అడ్డంగా ఊపాడు. రాలేదు.
కూర్చుని కొత్త వెదురు చీల్చాడు.
ఈల నోట్లో పెట్టుకోబోతూ ఆగి,
"సుంకం సంగతి ఎవరు చెప్పమన్నారు?" అన్నాడు.
"రాజుగారే," అన్నాను.
చాలాసేపు నవ్వాడు, మళ్ళీ దగ్గు వచ్చేదాకా.

సాయంత్రానికి పీట వచ్చింది.
రాజు తమ్ముడి తలకని దాచిన మామిడి చెక్క.
ఒక కాలు పొట్టి.

సుగ్నీ మాట ఇద్దరం ఎత్తలేదు.
ఆ రాత్రీ అదే పాడింది.
బాగా పాడింది.